వచ్చిందా... వచ్చిందా?

మా పుట్టింట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడ్డ మాట ఏదని అడిగితే, "అన్నం తిన్నావా" కాదు, "కాఫీ అయిందా" అంతకన్నా కాదు. "వచ్చిందా?" అన్న మాట.

1987 నాటి సంగతి. ఆదివారం పొద్దున్నే టీవీలో రామాయణం వచ్చే రోజులు. విజయవాడ వన్ టౌన్‌లో, బ్రాహ్మణ వీధికి దగ్గర్లో, ఒకరి చూరు ఇంకొకరి గోడ మీదికి వాలే సందులో మా ఇల్లు. ఓ పక్క అమ్మవారి కొండ, ఇంకో పక్క గాంధీ కొండ, దిగువన కృష్ణ. చూడ్డానికి ఎంత అందమో, టీవీకి అంత శత్రువు. డాబా మీద పొడవాటి ఇనుప గొట్టం, దాని కొసన చేపముల్లు లాంటి అల్యూమినియం ఏంటెన్నా. కాకి వాలినా, గాలి వీచినా అది పక్కకి తిరిగేది. తిరిగిందంటే తెర మీద రాముడు ఇద్దరయ్యేవాడు. ఒక రాముడు నేరుగా వచ్చిన రాముడు. రెండోవాడు కొండకి కొట్టుకుని, కాస్త ఆలస్యంగా, మసకమసగ్గా వచ్చిన రాముడు. ఈ రహస్యం అప్పుడు మాకేం తెలుసు? అమ్మ మటుకు ఇద్దరికీ దణ్ణం పెట్టేది.

నాన్నగారు డాబా మీద గొట్టం పట్టుకుని నిలబడేవారు. నేను టీవీ ముందు. మధ్యన మెట్ల మీద అమ్మ.

"వచ్చిందా?" అని పైనుంచి నాన్నగారు.

"వచ్చిందిటే?" అని అమ్మ నాతో.

"బొమ్మ వచ్చింది, మాట రాలేదు."

"మాట రాలేదుటండీ! కొంచెం కొండవైపు తిప్పండి!"

"ఇప్పుడో?"

"మాట వచ్చింది, బొమ్మ పోయింది!"

"పోయిందిటండీ! అంత తిప్పమన్నానా? వెనక్కి, వెనక్కి!"

ఈలోగా రామాయణం సగమయ్యేది. ఆ సందులో అన్ని డాబాల మీదా అదే భాగోతం. ఒకరి ఇంటి "వచ్చింది" విని ఇంకొకరు తిప్పడం ఆపేసిన సందర్భాలు కూడా లేకపోలేదు.

ఆ గొట్టాలూ పోయాయి, ఆ ఏంటెన్నాలూ పాత ఇనుప సామాన్లవాడి పాలయ్యాయి. ఈమధ్య మా తమ్ముడి కొడుకు వచ్చి, డాబా మీదినుంచి కనబడే సెల్‌ఫోన్ టవరు చూపించి, "అత్తయ్యా! ఆ పలకల్లో ఏంటెన్నాలు ఇసుమంత కూడా కదలవు. అయినా నువ్వు ఎటు నడిస్తే అటు తిరుగుతాయి" అన్నాడు. కదలకుండా తిరగడమేమిట్రా, అది భగవంతుడి లక్షణం కదా అన్నాను. వాడు నవ్వి, ఏంటెన్నాలకీ వెనకాల ఉన్న రేడియో యంత్రానికీ మధ్య తీగలతో అల్లిన వల ఒకటుంటుందనీ, దాన్ని బీమ్‌ఫార్మింగ్ నెట్‌వర్క్ అంటారనీ చెప్పాడు. ఏ ఏంటెన్నా ఎప్పుడు పలకాలో ఆ వల చెబుతుందిట. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్య నిలబడి, ఎవరెప్పుడు ఏం చెయ్యాలో చెప్పేదన్నమాట! నాకు మెట్ల మీద అమ్మ గుర్తొచ్చింది. ఇహ ఆ సంగతేమిటో తెలుసుకునేదాకా నిద్రపట్టలేదు.

తెలుసుకున్నాక తేలిందేమిటంటే, ఈ కథ మన రామాయణం రోజులకంటే చాలా పాతది. మాటని గాలిలోకి పంపడం ఎంత పాతదో, దాన్ని ఒక దిక్కుకి గురిపెట్టాలన్న ఆశ కూడా దాదాపు అంత పాతదే.

అరుగు మీద బుడ్డిదీపం పెడితే నలువైపులా వెలుగు పడుతుంది. కానీ ఎంతో దూరం పోదు. అదే నూనె ఖర్చుతో, వెనకాల ఒక అద్దం పెడితే వెలుగంతా ఒకవైపే పోతుంది, దూరమూ పోతుంది. రేడియో తరంగమూ కంటికి కనబడని వెలుగే కనక దానికీ ఇదే న్యాయం. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసుగారు కంటికి కనబడని ఈ తరంగాలతో దూరాన ఉన్న గంట మోగించి, తుపాకిమందు అంటించి చూపించారు. ఆయన వాడిన తరంగాలు మిల్లీమీటర్లలో కొలిచేటంత చిన్నవి. వాటిని పట్టడానికి ఆయన గరాటు లాంటి కొమ్ములు తయారుచేసుకున్నారు. కిరసనాయిలు పోసే గరాటు మన వంటింట్లోనూ ఉంది. దాన్ని పక్కకి తిప్పి పెడితే ఏంటెన్నా అవుతుందని ఎవరికి తోస్తుంది చెప్పండి!

పదేళ్ళ తరవాత, 1905లో, జర్మనీలో ఫెర్డినాండ్ బ్రాన్ అనే పండితుడు ఇంకో యుక్తి పన్నాడు. అద్దమూ లేదు, గరాటూ లేదు. మూడు ఏంటెన్నాలని ముక్కోణంగా పాతి, మూడింటికీ ఒకే సంకేతం ఇచ్చాడు. అయితే ఒకదానికి మటుకు క్షణంలో వెయ్యోవంతుకంటే తక్కువ వ్యవధి తేడాగా ఇచ్చాడు. అంతే, తరంగాలు ఒక దిక్కున బలంగా, ఇంకో దిక్కున బలహీనంగా పోయాయి. ఆ బ్రాన్‌గారికి 1909లో మార్కోనీతో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోను దాకా వచ్చిన కథంతా ఆ ముక్కోణంలోంచి పుట్టిందే.

ఆలస్యంగా ఇస్తే దిక్కెందుకు మారుతుంది? నాకూ మొదట అంతుపట్టలేదు. మన డెల్టా ఆడవాళ్ళ నాట్లు తలుచుకుంటే తేలిగ్గా బోధపడింది. పదిమంది ఒక వరసలో వంగి వెనక్కి జరుగుతూ నారు నాటుతారు. అందరూ ఒకేసారి కదిలితే వరస గట్టుకి సమంగా సాగుతుంది. అలాకాక కుడిచేతి కొసనున్నావిడ ముందు కదిలి, పక్కావిడ ఒక క్షణం ఆగి, ఆ పక్కావిడ రెండు క్షణాలు ఆగి కదిలారనుకోండి. వరస ఏటవాలుగా తిరిగిపోతుంది. ఎవరూ చోటు మారలేదు, ఎవరినీ ఎవరూ తోయలేదు. ఎవరెప్పుడు కదలాలన్నది మారిందంతే, వరస ముఖమే ఇంకో దిక్కుకి తిరిగింది.

ఇక బందరు కాలువలో రెండు రాళ్ళు పక్కపక్కన పడెయ్యండి. రెండు అలలూ పొంగు మీద పొంగుగా కలిసినచోట అల పెద్దదవుతుంది. పొంగుమీద పల్లం పడ్డచోట నీరు నిద్రపోతుంది. నాలుగు ఏంటెన్నాల అలలు మీ ఫోను దగ్గర పొంగు మీద పొంగుగా కలిసేట్టూ, పక్కింటి దగ్గర నిద్రపోయేట్టూ చెయ్యడమే ఈ విద్య సారాంశం. ఆ క్షణమాత్రపు ఆలస్యాలు పంచిపెట్టేదే ఆ వల. పంచిపెట్టడం మనకి కొత్తేం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒక్కచోట నిలిచిన నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లోకి చీలి, ఎవరి దారి పొడవును బట్టి వారికి ఆలస్యంగానో పెందలకడనో చేరడం లేదూ? 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట రోజులనుంచీ మనవాళ్ళు చేస్తున్న పనే. తీగలో కూడా అంతే. దారి పొడుగైతే అల ఆలస్యంగా చేరుతుంది.

దొరల ప్రభుత్వం ఈ గురిపెట్టే విద్యని తొందరగానే వాడుకుంది. 1927లో పూనా దగ్గర పెద్ద పెద్ద ఏంటెన్నా వరసలు నిలబెట్టి, ఇంగ్లండుతో నేరుగా బీమ్ వైర్‌లెస్ నడిపారు. ఆ మాట లండనుకి పోయేది గాని, దారిలో ఉన్నవాళ్ళ కోసం కాదు. దాని వల్ల బందరులో ఉన్న మా తాతమ్మకి ఒరిగిందేమీ లేదు.

మనవాళ్ళకి ఒరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పద్ధతి వల్ల. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అది బుడ్డిదీపం పద్ధతి. ఎవరివైపూ గురిపెట్టదు, అందరికీ సమానంగా పలుకుతుంది. 837 కిలోహెర్ట్స్, అనగా 358.4 మీటర్లు అన్న మాట మా తరం వాళ్ళకి ఇంటి నంబరులా కంఠతా వచ్చు. ఆ మీటర్లు అల పొడవని అప్పుడెవరికి తెలుసు? ఒక్కో అల రెండు ఫర్లాంగుల దగ్గర దగ్గరగా నీరెండలో చీరలా సాగి వస్తుందన్నమాట. అంత పొడుగు అల కొండలకీ గోడలకీ బెదరదు, వంగి చుట్టుకుని వచ్చేస్తుంది. అందుకే టీవీకి శత్రువైన మా కొండ రేడియోని ఏమీ చెయ్యలేకపోయింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, వసారాలో ఈ గోడనుంచి ఆ గోడకి జాలీ ఏరియల్ కట్టుకుంటే చాలు. పొద్దున్నే బాలమురళీకృష్ణగారి గొంతుతో భక్తిరంజని, ఆదివారం ఉషశ్రీగారి పురాణం. కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ విన్నదీ అదే, మేడమీద కూర్చున్న షావుకారు విన్నదీ అదే. దీపానికి ఎవరి మీదా పక్షపాతం లేదు.

మరి మా డాబా మీది చేపముల్లు ఎక్కడిదీ? దానికి జపానులో పుట్టిల్లు. 1926లో సెండాయ్ పట్టణంలోని విశ్వవిద్యాలయంలో షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అనే ఇద్దరు ఆచార్యులు దాన్ని కనిపెట్టారు. ఒక కడ్డీకే తీగ తగిలిస్తారు. వెనకాల ఒక కడ్డీ అద్దంలా అల్లరిని ఆపుతుంది, ముందున్న కడ్డీలు రండి రండి అని అలని పిలుచుకొస్తాయి. తమాషా ఏమిటంటే, సొంత దేశంలో దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1942లో జపాను సైన్యం సింగపూరు పట్టుకున్నప్పుడు ఒక బ్రిటిష్ సైనికుడి నోటు పుస్తకం దొరికింది. అందులో రాడారు గురించి రాసినచోటల్లా "యాగీ" అన్న మాట. ఇదేం సంకేత పదమో అర్థంగాక ఖైదీని అడిగితే, అది మీ జపాను ఆచార్యుడి పేరే కదా అని అతను తెల్లబోయాడుట! ఇంటి మొక్క వైద్యానికి పనికిరాదని మనమొక్కళ్ళమే కాదు, లోకమంతా అనుకుంటుంది కాబోలు.

దాని బలమూ బలహీనతా కూడా ఒకటే: ఒక్కవైపే చూస్తుంది. చూపు మార్చాలంటే మెడ తిప్పాలి. అంచేతే నాన్నగారు డాబా ఎక్కవలసి వచ్చింది.

1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు ఇంకో వింత జరిగింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశంవైపు గురిపెట్టించి, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన రాష్ట్రపు పల్లెలూ ఉన్నాయి. ఆ పల్లెల్లో పెట్టిన గొడుగు ఏంటెన్నాలు కోళ్ళగూటికి కొట్టే తీగ జాలీతో చేసినవి. పట్నంలో ఉన్న మాకు టీవీ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, చెట్టుకింద కూచుని పల్లెవాళ్ళు తెలుగు కార్యక్రమాలు చూశారు. పది అడుగుల గొడుగు ఆకాశంలో ఒక్క చుక్కవైపు కదలకుండా చూస్తూ కూచునేది. గురి కుదిరితే మాట ఎంత మారుమూలకైనా చేరుతుందని ఆ ఏడాది రుజువైంది. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకి జరుపుకుపోయారు, పల్లెలు మళ్ళీ చీకటి.

ఆ మరుసటి ఏడాదే దివిసీమ.

1977 నవంబరు 19. ఆ తేదీ చెబితే కృష్ణాజిల్లాలో ఇప్పటికీ పెద్దవాళ్ళు ఒక క్షణం మాట్లాడరు. సముద్రం గోడలా లేచి ఊళ్ళ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ప్రాంతాల్లో కుటుంబాలకి కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజుల్లో హెచ్చరిక దారి ఎలా ఉండేదో ఆలోచించండి. వాతావరణ శాఖనుంచి తంతి కలెక్టరుగారికి, అక్కణ్ణుంచి తాలూకాకి, తాలూకానుంచి మనిషి కాలినడకన ఊరికి. ఇంకో దారి రేడియో. రేడియో అందరికీ చెబుతుంది నిజమే, కానీ ఊళ్ళో ఎన్ని రేడియోలున్నాయి? ఉన్నవాళ్ళు ఆ వేళకి పెట్టారా? బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట ఏడాదికి పదిసార్లు వినేవాళ్ళకి ఈసారి మీ ఊరే, ఈ రాత్రే అని ఎలా తెలియాలి? అందరికీ చెప్పిన మాట ఒక్కొక్కసారి ఎవరికీ చెప్పనట్టే అవుతుంది. పెళ్ళి పందిట్లో "అందరూ భోజనాలకి లేవండి" అంటే ఎవరూ లేవరు. "పిన్నిగారూ, మీరు రండి" అంటేనే లేస్తారు.

తుపాను వెళ్ళిపోయాక కూడా తంతి తీగలూ, టెలిఫోను తీగలూ తెగి దివిసీమకి లోకంతో సంబంధం లేకుండా పోయింది. ఎంత ఘోరం జరిగిందో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. మా పెదనాన్నగారు బట్టలూ బియ్యం మూటలూ తీసుకుని అవనిగడ్డ వైపు వెళ్ళి, తిరిగొచ్చాక వారం రోజులు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పేది.

ఆ గాయమే తరవాత కొన్ని బుద్ధులు నేర్పింది. 1983లో పైకి వెళ్ళిన ఇన్సాట్-1బి ఉపగ్రహం ద్వారా, ఆ దశాబ్దం మధ్యలో మన ఆంధ్ర తీరంలోనూ తమిళ తీరంలోనూ తుపాను హెచ్చరిక పెట్టెలు పెట్టారు. వాటి ప్రత్యేకత ఏమిటంటే, ప్రతి ప్రాంతానికీ ఒక గుర్తు ఉంటుంది. ఏ ప్రాంతాన్ని పిలిస్తే ఆ ప్రాంతం పెట్టెలే సైరన్ కూసి, తెలుగులో హెచ్చరిక వినిపిస్తాయి. "పిన్నిగారూ, మీరు రండి" అన్న పద్ధతి అన్నమాట.

తరంగాన్నే కావలసిన దిక్కుకి తిప్పే విద్య మన నేలమీద పెద్ద ఎత్తున కాపురం పెట్టింది 1990ల మొదట్లో, తిరుపతికి దగ్గరున్న గాదంకిలో. వాతావరణాన్ని పరిశోధించే ఎమ్.ఎస్.టి. రాడారు అది. నాలుగెకరాలకు పైబడ్డ మైదానంలో వరసకి 32 చొప్పున 32 వరసలు, వెరసి 1,024 ఏంటెన్నాలు. ఏ రకం ఏంటెన్నాలనుకున్నారు? మన డాబా మీది చేపముల్లే! యాగీగారి ఏంటెన్నాలే, కాకపోతే అన్నీ ఆకాశంవైపు మూతులు పెట్టి నిలబడ్డాయి. ఒక్కటీ కదలదు. ఏ వరసకి ఎంత ఆలస్యమో మార్చి, పుంజాన్ని నడినెత్తి నుంచి తూర్పుకో పడమరకో ఉత్తరానికో దక్షిణానికో వంచుతారు. అలా నాలుగు పక్కలా చూసి, పైన గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతారు. మొదట్లో 32 ట్రాన్స్‌మిటర్లుండేవి. తరవాత ఒక్కో ఏంటెన్నాకీ ఒక్కో చిన్న ట్రాన్స్‌మిటరు అమర్చారు. వెయ్యిన్ని ఇరవైనాలుగు మంది నాన్నగార్లు డాబా ఎక్కే పనిలేకుండా, ఒక్క వల ఆ పని చేసేస్తోందన్నమాట.

ఆ వల సంగతి పూర్తిగా చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1961లో అమెరికాలో జెస్సీ బట్లర్, రాల్ఫ్ లో అనే ఇంజనీర్లు ఒక అల్లిక ప్రకటించారు. నాలుగు గుమ్మాల ఇల్లనుకోండి. మొదటి గుమ్మంలోంచి మాట పంపితే ఒక దిక్కుకి పోతుంది, రెండో గుమ్మంలోంచి పంపితే ఇంకో దిక్కుకి. లోపల తిరిగే చక్రం లేదు, నౌకరు లేడు. తీగలూ, అవి కలుసుకునే కూడళ్ళూ ఉంటాయంతే. ఒక్కో కూడలి దగ్గర మాట సరిసమానంగా రెండుగా చీలుతుంది, పక్కదారి పట్టింది పావు అల ఆలస్యంగా బయల్దేరుతుంది. ఆ చమత్కారమంతా కూడలి చేతుల పొడవులో ఉంది. అవి సరిగ్గా అలలో నాలుగోవంతు ఉండాలి.

చిక్కు అక్కడే వచ్చింది. ఏ అలలో నాలుగోవంతు? మన దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ మొదలైంది, ఆ సంవత్సరం వెళ్ళేలోగానే విజయవాడకీ వచ్చింది. దానికోసం వేలం వేసిన తరంగాల్లో 700 మెగాహెర్ట్స్ ఉంది. దాని అల 43 సెంటీమీటర్లు, ఇంచుమించు మూర పొడవు. 3,300 మెగాహెర్ట్స్ ఉంది. దాని అల తొమ్మిది సెంటీమీటర్లు. 26 గిగాహెర్ట్స్ ఉంది. దాని అలలో సగం కందిగింజంత! మూర పొడవు అల గోడలు దాటి వంటింట్లోకొస్తుంది గాని ఎక్కువ సరుకు మొయ్యలేదు. కందిగింజ అల బండెడు సరుకు మోస్తుంది గాని అడ్డుగా చెయ్యి పెడితే నీరసపడుతుంది. అంచేత అన్నీ కావాలి. తొమ్మిది సెంటీమీటర్ల అలకి పావు అల పొడవుగా కట్టిన కూడలి, మూర పొడవు అలకి ఇరవయ్యో వంతు మాత్రమే అవుతుంది. చీలిక తప్పుతుంది, కొంత మాట వెనక్కి తన్నుకొస్తుంది. పుంజం చెదిరిపోతుంది.

సంగీతం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. మగవారి శ్రుతికి బిగించిన తంబురా ఆడవారి పాటకి పనికిరాదు. ఒకటో శ్రుతికి ఒక తంబురా, అయిదో శ్రుతికి ఇంకోటి, రెండున్నరకి మరోటి అంటూ పోతే ఇంట్లో తంబురాలే తప్ప మనుషులు కూర్చోడానికి చోటుండదు. టవరు పరిస్థితీ అంతే, ఒక్కో తరంగానికి ఒక్కో పలక తగిలిస్తూ పోతే దాని నడుం విరుగుతుంది. పాటకత్తె ఏం చేస్తుంది? బిరడా తిప్పి శ్రుతి చేసుకుంటుంది. ఇంజనీర్లూ ఆ దారే పట్టారు. కూడలి చేతుల పక్కన చిన్న చిన్న డయోడ్లు పెట్టారు. వాటి మీద ఓల్టేజి మారిస్తే విద్యుత్తుని నిలవచేసుకునే గుణం మారుతుంది. తీగ నిజంగా పెరగదు, పెరిగినట్టు నడుచుకుంటుంది. ఓల్టేజే బిరడా. ఒకే వల, ఒక క్షణం ఈ తరంగానికీ, మరుక్షణం ఆ తరంగానికీ శ్రుతి అవుతుంది. ఇవాళ టవర్ల మీద దిక్కు తిప్పే లెక్క చాలామటుకు కంప్యూటరే చేస్తోంది. 32 దారులో, 64 దారులో ఉన్న పలకలు మన ఫోను పలికిన పలుకు విని, అది ఎటునుంచి వచ్చిందో అటే జవాబు పంపుతాయి. అయితే అన్నిటికీ కంప్యూటరే అంటే కరెంటు ఖర్చు, వేడి, ధర. అందుకే శ్రుతి చేసుకోగలిగిన వలల మీద ప్రయోగశాలల్లో ఇంకా గట్టిగా పని సాగుతోంది.

బాగానే ఉంది. "వచ్చిందా?" అనే బాధ ఇక లేదన్నమాట అని నేను సంబరపడుతూ ఉండేదాన్ని. 2024 ఆగస్టు 31 నాటి వాన ఆ సంబరం తీర్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది. ఇటు కృష్ణమ్మ, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టాక అంత వరద ఎన్నడూ లేదు. మా పిన్ని కూతురు సింగ్‌నగర్లో మొదటి అంతస్తులో ఉంటుంది. కింది వాటా నిండా నీళ్ళు. కరెంటు లేదు. ఫోనులో తొమ్మిది శాతం చార్జింగు.

"అక్కా, వినబడుతోందా? డాబా మీదికొస్తే గాని రావట్లేదు. మేం బాగానే ఉన్నాం. అత్తయ్యగారి బీపీ మాత్రలు అయిపోయాయి..." అంతే, మాట తెగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ మళ్ళీ చేశాను. పక్కనుంచి అమ్మ, ఎనభై దాటిన మనిషి, వణుకుతున్న గొంతుతో అడిగింది: "వచ్చిందిటే?"

ముప్పై ఏడేళ్ళ తరవాత అదే ప్రశ్న. ఈసారి రాముడి కోసం కాదు.

రెండో రోజున పడవలో మాత్రలు చేరాయి. తరవాత మా చెల్లెలు చెప్పింది, ఫోను చచ్చిపోయాక ఇంట్లో మాట్లాడింది ఒక్కటేనట. వాళ్ళ మామగారి పాత ట్రాన్సిస్టరు. రెండు సెల్స్ వేస్తే విజయవాడ కేంద్రం పలికింది. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో అని డాబా మీద నాలుగు కుటుంబాలు దాని చుట్టూ చేరి విన్నాయట.

అప్పుడనిపించింది, బుడ్డిదీపమూ కావాలి, టార్చిలైటూ కావాలి. అందరికీ చెప్పే మాట ఉండాలి, ఒక్కరిని పేరుపెట్టి పిలిచే మాటా ఉండాలి. దివిసీమలో రెండోది లేక కొంప మునిగింది. మొదటిదాన్ని పాత సామాన్లలో పడేస్తే రేపు ఇంకోరకంగా మునుగుతాం.

ఇంకొక్క మాట. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని పాఠం ఒకటుంది. కాలువ ఎంత గొప్పగా తవ్వినా, తలకట్టునున్న పొలం తడిశాకే శివారు పొలానికి నీరు. శివారు రైతు గట్టు మీద కూచుని రాత్రంతా అడిగే ప్రశ్న కూడా "వచ్చిందా?" అన్నదే. తరంగాన్ని కావలసినవైపు తిప్పే విద్య వచ్చిందంటే, ఎటు తిప్పాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారనే అర్థం. జనం కిటకిటలాడే బీసెంట్ రోడ్డు వైపు తిప్పడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. నాగాయలంక అవతల పడవలో ఉన్నవాడి వైపు ఒక్క క్షణం తిప్పాలని వలకి ఎవరు చెబుతారు?

ఈ మాట మా మేనల్లుడితో అంటే వాడు తల గోక్కుని, "అది ఏంటెన్నా లెక్క కాదు అత్తయ్యా" అన్నాడు. కాదని నాకూ తెలుసు.

అదంతా విని అమ్మ మంచం మీంచి లేచి కూచుని, "ఇంతకీ ఆ వల ఏం చేస్తుందిరా?" అని అడిగింది.

"పైన ఎన్ని ఏంటెన్నాలున్నా, కింద ఎన్ని ఫోనులున్నా, మధ్యలో నిలబడి ఎవరెప్పుడు ఎటు తిరగాలో చెబుతుంది నాయనమ్మా."

అమ్మ కాసేపు ఆలోచించింది.

"ఓసి, అంతేనా! నేను ఆ పని మెట్ల మీద నిలబడి రెండేళ్ళు చేశాను. మీ తాతగారు ఏనాడూ సరిగ్గా తిప్పింది లేదు" అంది.